బ్రామా ప్రెస్సు బొమ్మ వెనక మనిషి

స్వర్ణోత్సవ సంచికకు ఒక గొప్పవాడి జీవితం రాసివ్వమని సంఘం మిత్రులు అడిగారు. గాంధీగారి గురించి, విశ్వేశ్వరయ్యగారి గురించి ఎలాగూ ఎవరో ఒకరు రాస్తారు. అందుకని నాకు అన్నం పెట్టిన విద్యకు దగ్గరి మనిషిని ఎంచుకున్నాను. ఆయన పేరు జోసెఫ్ బ్రామా. ఎక్కడో విన్నట్టుంది అనిపిస్తే మన హైస్కూలు ఫిజికల్ సైన్సు నోట్సు ఒక్కసారి గుర్తు చేసుకోండి. పాస్కల్ సూత్రం, దాని కింద బ్రామా ప్రెస్సు పటం. ఒక సన్న గొట్టం, ఒక లావు గొట్టం, రెండు ముషలకాలు, మధ్యలో కవాటం. పటం గీసి భాగాలు గుర్తించాం, మార్కులు తెచ్చుకున్నాం. ఆ బొమ్మ వెనక ఒక కుంటి వడ్రంగి ఉన్నాడని మాత్రం మనకెవరూ చెప్పలేదు.

బ్రామా 1748లో ఇంగ్లండులోని యార్క్‌షైర్ ప్రాంతంలో, బార్న్స్‌లీ దగ్గర స్టెయిన్‌బరో అనే పల్లెలో పుట్టాడు. తండ్రి రైతు. పెద్దయ్యాక పొలం చూసుకోవాల్సినవాడే. కానీ పదహారేళ్ళ వయసులో కాలికి దెబ్బ తగిలి సరిగా కుదురుకోలేదు. నాగలి వెనక నడవలేని కొడుకును ఏం చేయాలి? ఊళ్ళో వడ్రంగి దగ్గర పనికి పెట్టారు. చేతికి పనితనం అప్పటికే ఉంది. చిన్నతనంలోనే చెక్కతో ఫిడేళ్ళ వంటివి చెక్కేవాడట. వడ్రం నేర్చుకుని లండన్ చేరాడు. బీరువాలు, బల్లలు చేసే పనివాడిగా మొదలుపెట్టాడు.

ఆయన మొదటి పేటెంటు ఏమిటో చెబితే నవ్వుతారు. అది ఫ్లష్ మరుగుదొడ్డి. లండన్‌లో డబ్బున్నవాళ్ళ ఇళ్ళలో అప్పుడప్పుడే అవి వస్తున్నాయి. వాటిని బిగించే పని ఈయన చేసేవాడు. చలికాలంలో అందులోని కవాటం గడ్డకట్టి ఆగిపోవడం చూశాడు. పక్కకు జరిగే పలకకు బదులు మడతబందు మీద కిందికి తెరుచుకునే మూత పెట్టి, 1778లో పేటెంటు తీసుకున్నాడు. పెద్దమనిషి తరహా ఆవిష్కరణ కాదు కానీ బ్రామా తత్వమంతా అందులోనే ఉంది. ఎక్కడ నీరు కారుతుంది, ఎక్కడ పట్టేస్తుంది, ఎక్కడ మూత సరిగా కూర్చోదు అన్నదే ఆయన జీవితాంతం పట్టుకున్న సమస్య.

తర్వాత తాళం. 1784లో పేటెంటు పొందిన బ్రామా తాళానికి చెవి మన తాళంచెవిలా పళ్ళతో ఉండదు. చిన్న గొట్టంలా ఉండి, కొసన వేర్వేరు లోతుల్లో గాట్లు ఉంటాయి. చెవి లోపలికి నొక్కితే లోపలి పలుచని రేకులు ఒక్కొక్కటి ఒక్కో లోతుకు దిగుతాయి. అన్నీ సరిగ్గా తమ లోతులో నిలిస్తేనే తాళం తిరుగుతుంది. పికడిల్లీలోని తన దుకాణం అద్దాల బీరువాలో 18 రేకుల తాళం ఒకటి పెట్టి, చెవి లేకుండా దాన్ని తెరిచే పరికరం చేసినవాడికి 200 గినీలు ఇస్తానని పక్కన బోర్డు పెట్టించాడు. ఆయన బతికుండగా దాన్ని ఎవరూ తెరవలేకపోయారు.

ఈ తాళం చేయడం కాగితం మీద గీసినంత తేలిక కాదు. ఒక్కో రేకు, ఒక్కో గాడి కొలత వెంట్రుకవాసి తేడా లేకుండా రావాలి. ఆకురాయి పట్టి చేత్తో అరగదీస్తే ఒక తాళం వస్తుంది, వంద రావు. అందుకని 1789లో హెన్రీ మాడ్స్‌లే అనే 18 ఏళ్ళ కుర్రాడిని పనిలో పెట్టుకున్నాడు. కుర్రాడేమిటని ముందు సందేహించినా, పని చూశాక మారుమాట్లాడలేదు. ఆ కుర్రాడు తాళం భాగాలు చేసే యంత్రాలను తయారుచేశాడు. కొన్నాళ్ళకే కార్ఖానాకు మేస్త్రీ అయ్యాడు. మెకానికల్ చదివినవాళ్ళకు మాడ్స్‌లే పేరు చెప్పనక్కర్లేదు. లేత్ మీద స్లైడ్ రెస్టును, మర కోసే పద్ధతిని నేటి రూపానికి తెచ్చినవాడు ఆయనే.

ఇక ప్రెస్సు. నేను ఈ వ్యాసం రాస్తున్నది దీని కోసమే.

నీటిని ఒకచోట నొక్కితే ఆ ఒత్తిడి అన్ని వైపులకూ సమానంగా పాకుతుందని పాస్కల్ పదిహేడో శతాబ్దంలోనే చెప్పాడు. చిన్న ముషలకం మీద కొద్ది బలం పెట్టి పెద్ద ముషలకం దగ్గర ఎక్కువ బలం తీయవచ్చని కూడా ఆయన రాతల్లో ఉంది. కానీ వందేళ్ళు దాటినా దాన్ని పనికొచ్చే యంత్రంగా ఎవరూ చేయలేదు. కారణం సిద్ధాంతం కాదు, లీకు. పెద్ద ముషలకం సిలిండరులోంచి పైకి వచ్చేచోట సందు ఉంటుంది. నీరు ఒత్తిడికి అక్కడినుంచి చిమ్ముతుంది. ఆ సందులో జనపనార కుక్కి, నట్టు బిగిస్తే నీరు ఆగుతుంది. కానీ ముషలకం కూడా ఆగిపోతుంది. ఒత్తిడి తీసేశాక కిందికి దిగనే దిగదు. వదులు చేస్తే దిగుతుంది, లీకవుతుంది. మన బోర్ల మెకానిక్కులకు ఈ చిక్కు వేరే చెప్పాలా?

బ్రామా 1795లో ప్రెస్సుకు పేటెంటు తీసుకున్నాడు. ఈ లీకుకు దొరికిన మందు ఒక తోలు పట్టీ. గిన్నె అంచులా మడిచిన తోలును ముషలకం చుట్టూ, మడత నోరు నీటి వైపు ఉండేలా కూర్చోబెట్టారు. నీటి ఒత్తిడి పెరిగేకొద్దీ ఆ నీరే తోలు పెదవులను విప్పి ఒకదాన్ని ముషలకానికీ, రెండోదాన్ని సిలిండరు గోడకూ అదుముతుంది. ఒత్తిడి ఎంత పెరిగితే పట్టు అంత పెరుగుతుంది. ఒత్తిడి తీసేస్తే తోలు వదులై ముషలకం హాయిగా దిగుతుంది. మీ ఇంట్లో పాత సైకిలు పంపు ఉంటే విప్పి చూడండి. కడ్డీ చివర నూనె రాసిన తోలు వాషరు ఉంటుంది, అదీ ఇదీ ఒక్క కుటుంబమే. నేటి జాకీల్లో తోలు పోయి రబ్బరు, పాలీయూరిథేన్ సీళ్ళు వచ్చాయి. ఆకారం మాత్రం అదే.

ఆ తోలు ఆలోచన బ్రామాది కాదు, మాడ్స్‌లేది అని చాలామంది రాశారు. నేనూ అదే నమ్ముతాను. పేటెంటు మాత్రం యజమాని పేరు మీద, పటం కింద పేరూ యజమానిదే. మాడ్స్‌లేకు వారానికి 30 షిల్లింగులు జీతం. పెళ్ళయి పిల్లలు పుట్టాక, 1797లో కాస్త పెంచమని అడిగాడు. బ్రామా ససేమిరా అన్నాడు. మాడ్స్‌లే బయటికొచ్చి సొంత కార్ఖానా పెట్టుకున్నాడు. ఆ కార్ఖానాలో తయారైన విట్‌వర్త్, నాస్మిత్ వంటివాళ్ళు తర్వాతి తరం ఇంజనీరింగుకు దిక్కులయ్యారు. ఇన్ని తాళాలు చేసిన మనిషి తన దగ్గరి అసలు నిధికి తాళం వేసుకోలేకపోయాడు. జీతాల పెంపు ఫైళ్ళ మీద సంతకాలు పెట్టే మన బ్యాచి మిత్రులు చాలామందే ఉన్నారు కాబట్టి ఈ మాట కొంచెం గట్టిగానే రాస్తున్నాను.

బ్రామా మెత్తని మనిషి కాదు. జేమ్స్ వాట్ ఆవిరి యంత్రం పేటెంటు మీద 1796లో కోర్టులో వ్యాజ్యం నడిస్తే, ఈయన వాట్‌కు వ్యతిరేక పక్షాన సాక్ష్యానికి వెళ్ళాడు. చెప్పాల్సింది మిగిలిపోయిందని న్యాయమూర్తిని ఉద్దేశించి పెద్ద లేఖ రాసి అచ్చు వేయించాడు. తన చేతిలో అన్ని పేటెంట్లు పెట్టుకుని ఇంకొకడి పేటెంటు చెల్లదని వాదించడం నాకైతే ఇబ్బందిగానే అనిపిస్తుంది. మిగతా పనులు గబగబా చెబుతాను. నేలమాళిగలోని పీపాల నుంచి బీరును పైకి లాగే పంపు, చెక్క చిత్రిక పట్టే యంత్రం, బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ నోట్ల మీద వరుస సంఖ్యలు అచ్చు వేసే యంత్రం. 1806 నాటి ఆ చివరి యంత్రం రాకముందు నోట్ల మీద అంకెలు గుమస్తాలు చేత్తో రాసేవారు. మొత్తం 18 పేటెంట్లు.

ప్రెస్సు మాత్రం లోకమంతా పాకింది. ఎండుగడ్డిని, దూదిని బేళ్ళుగా కుదించడానికి, గింజల నుంచి నూనె తీయడానికి, లోహాన్ని వంచడానికి. గుంటూరు నుంచి ఆదోని దాకా జిన్నింగు మిల్లుల పక్కన ప్రెస్సింగు ఫ్యాక్టరీల్లో దూదిని ఇనుప పట్టీలు కట్టి బేళ్ళు చేసే యంత్రం తాతగారు ఆ పేటెంటే. మన నాన్నలు బండ్లకెత్తి తోలిన పత్తి బ్రామా చేతికిందుగానే వెళ్ళింది.

ఆయన చావు కూడా ప్రెస్సు దగ్గరే వచ్చింది. 1814లో హాంప్‌షైర్‌లోని హోల్ట్ అడవిలో పెద్ద చెట్లను వేళ్ళతో సహా పెకలించడానికి తన ప్రెస్సును వాడించాడు. మూడు వందలకు పైగా మహావృక్షాలు లేచిపోయాయి. అరవై ఆరేళ్ళ మనిషి, కుంటికాలు, చలి. దగ్గరుండి చూసుకుంటానని అక్కడే నిలబడ్డాడు. జలుబు చేసింది, అది న్యుమోనియాకు దిగింది. డిసెంబరు 9న లండన్‌లోని పిమ్లికోలో కన్నుమూశాడు. పాడింగ్టన్ చర్చి ఆవరణలో సమాధి చేశారు.

ఇప్పుడు మళ్ళీ ఆ పాఠం పటం దగ్గరికి వద్దాం. అందులో ఒకటి లేదు. ఒత్తిడి ఎంతుందో చూపే గేజి లేదు. బ్రామా బతికున్నంత కాలం ప్రెస్సులోని అంత ఒత్తిడిని చూపే ముల్లు గేజి రాలేదు. ఉన్నదల్లా ఒక చిన్న రక్షక కవాటం, దాని మీద ఒక మీట, మీట చివర వేలాడదీసిన బరువు. ఒత్తిడి హద్దు దాటితే బరువు లేచి నీరు బయటికి పోతుంది. హద్దు చేరినప్పుడు తెలుస్తుంది. హద్దుకు ఎంత దూరంలో ఉన్నామో తెలియదు. పనివాడి చేతికి తగిలే బరువే మీటరు.

బ్రామా పోయిన 35 ఏళ్ళకు, 1849లో, పారిస్‌లో యూజీన్ బూర్డన్ అనే యంత్రాల తయారీదారు ఆ లోటు తీర్చాడు. పాము చుట్టలా వంచిన గొట్టం ఒకటి తయారీలో నొక్కుకుపోయి బల్లపరుపు అయింది. దాన్ని తిరిగి గుండ్రం చేద్దామని ఒక కొస మూసి లోపలికి నీటిని ఒత్తిడితో పంపాడు. గొట్టం ఉబ్బుతూ ఉబ్బుతూ చుట్ట విప్పుకోవడం మొదలుపెట్టింది. ఎంత ఒత్తిడికి ఎంత విప్పుకుంటుందో చూస్తే, దానికొక ముల్లు తగిలిస్తే చాలు. ఈ రోజు మన వర్క్‌షాపుల్లో, కంప్రెసర్ల మీద కనిపించే గుండ్రని గేజిల్లో ఎక్కువ వాటి లోపల ఉన్నది అదే. అర్ధచంద్రాకారంలో వంచిన బల్లపరుపు గొట్టం, దాని కొసకు చిన్న లింకు, పళ్ళ ముక్క, ముల్లు.

అదే 1849లో వేల్స్‌లో బ్రిటానియా వంతెన కడుతున్నారు. ఒక్కొక్కటి 1,500 టన్నులకు పైబడిన ఇనుప గొట్టాలను బ్రామా తరహా ప్రెస్సులతో స్తంభాల మీదికి ఎత్తుతున్నారు. ఆగస్టులో ఒక ప్రెస్సు సిలిండరు అడుగు పగిలి ఊడిపోయింది. ఒక మనిషి ప్రాణం పోయింది. గొట్టం మాత్రం తొమ్మిది అంగుళాలు మాత్రమే పడింది. ఎందుకంటే అంగుళం లేచినప్పుడల్లా కింద దిమ్మె పేర్చుకుంటూ రావాలని ఇంజనీరు రాబర్ట్ స్టీఫెన్‌సన్ ముందే ఆదేశించాడు. ఆ పగులును గేజి ఆపేది కాదు. గేజి పెట్టాం కదా అని దిమ్మెలు మానేసేవాళ్ళు కూడా ఉంటారు కాబట్టి ఈ సంగతి చెప్పాను.

రెండేళ్ళకు, 1851లో, లండన్‌లో మహాప్రదర్శన జరిగింది. బూర్డన్ గేజికి అక్కడ పతకం దక్కింది. వంతెన ఎత్తిన ప్రెస్సునూ జనం చూడటానికి పెట్టారు. ఆ వేసవిలోనే అమెరికా నుంచి వచ్చిన హాబ్స్ అనే తాళాల నిపుణుడు, 16 రోజుల్లో మొత్తం 51 గంటలు కూర్చుని పికడిల్లీ తాళాన్ని తెరిచి 200 గినీలు పట్టుకెళ్ళాడు. ఒకే ఊళ్ళో, ఒకే ఏడు, బ్రామా తాళం ఓడింది, ఆయన ప్రెస్సుకు కళ్ళొచ్చాయి.

మన దగ్గర ఇంకా చాలా ప్రెస్సులకు ఆ కళ్ళు రాలేదు. మన పాత విద్యార్థుల్లోనే ట్రాక్టరు రిపేరు షెడ్లు, బేరింగు పనులు చేసే వర్క్‌షాపులు నడుపుతున్నవాళ్ళు ఉన్నారు. ఆ షెడ్లలో ఉండేది ఇనుప చట్రం, మధ్యలో బాటిల్ జాకీ. ఇరవై టన్నులు అని రంగుతో రాసి ఉంటుంది. మీటరు ఉండదు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక షెడ్డులో ఇలాంటి ప్రెస్సు మీద షాఫ్టు నుంచి బేరింగు ఊడదీస్తుంటే, అది కదలక, మేస్త్రీ ఇంకా కొట్టు ఇంకా కొట్టు అంటుంటే, బయటి రింగు పగిలింది. ముక్క ఎగిరి హ్యాండిలు కొడుతున్న కుర్రాడి కంట్లో దిగింది. కన్ను పోయింది. అతనికి అప్పుడు పందొమ్మిదేళ్ళు. గేజి పెట్టించమని అంతకు నెల ముందే అడిగితే, అది దండగ ఖర్చన్నాడు యజమాని.

చేతికి ఎందుకు తెలియదో లెక్క చూడండి. పంపు ముషలకం వ్యాసం 12 మిల్లీమీటర్లు, రామ్ వ్యాసం 60 అనుకుందాం. వైశాల్యంలో 25 రెట్లు. హ్యాండిలు మీట వల్ల ఇంకో 20 రెట్లు. మొత్తం 500 రెట్లు. చేత్తో 40 కిలోల బరువు మోపితే రామ్ దగ్గర 20 టన్నులు. హ్యాండిలు మీద ఒళ్ళు వాల్చే మనిషికి 30 కిలోలకూ 40 కిలోలకూ తేడా ఏం తెలుస్తుంది? పని దగ్గర ఆ తేడా ఐదు టన్నులు.

గేజి ఎంపికకూ ఇదే లెక్క. 60 మిల్లీమీటర్ల రామ్ వైశాల్యం సుమారు 28.3 చదరపు సెంటీమీటర్లు. 20 టన్నులను దానితో భాగిస్తే చదరపు సెంటీమీటరుకు 707 కిలోలు. అందుకని 1,000 దాకా చూపే గేజి తీసుకోవాలి. ముల్లు ఎప్పుడూ చివరి గీత దగ్గర పనిచేస్తుంటే లోపలి గొట్టం త్వరగా అలిసిపోతుంది. నూనె ఏ వ్యాసం మీద తోస్తుందో ముందు తేల్చుకోండి. సీలు ముషలకం అడుగున ఉండి సిలిండరు లోపల జారితే సిలిండరు లోపలి వ్యాసం లెక్క. సీలు బ్రామా ప్రెస్సులోలా మెడ దగ్గర ఉంటే రామ్ వ్యాసం లెక్క. తర్వాత గేజి అద్దం మీద 5 టన్నులకు 177 దగ్గర, 10 టన్నులకు 354 దగ్గర గీతలు పెట్టి, 707 దగ్గర ఎర్రగీత పెట్టండి. కుర్రాళ్ళు భాగహారం చేస్తూ నిలబడరు. సీలు రాపిడి వల్ల పని మీద పడే బలం ముల్లు చెప్పేదానికన్నా కొంచెం తక్కువే ఉంటుంది.

బిగించే చోటు అసలు సంగతి. పంపు వేరుగా, సిలిండరు వేరుగా ఉండి మధ్యలో హోసు ఉంటే పని తేలిక. పంపు నుంచి హోసు బయలుదేరేచోట గేజి అడాప్టరు పెట్టేయవచ్చు. బాటిల్ జాకీ అయితే నూనె నిల్వ ఉండే బయటి అర వైపు కాదు, రామ్ కిందికి వెళ్ళే ఒత్తిడి దారిలోకి కలపాలి. జాకీ అడుగున ఒక మర బిరడా కనబడగానే ఇదే చోటు అనుకోకండి. అది ఓవర్‌లోడు కవాటం కావచ్చు, దాన్ని ముట్టుకోకూడదు. లోపలి దారి ఎక్కడుందో తెలియకుండా డ్రిల్లు పెట్టవద్దు. గేజికి రంధ్రం ముందే ఉన్న జాకీలు బజారులో దొరుకుతున్నాయి, నా ఓటు వాటికే. డ్రిల్లు చేసి తీరాలంటే జాకీ మొత్తం విప్పి, నూనె తీసి, మర కోశాక ప్రతి రజనూ కిరోసిన్‌తో కడగాలి. ఒక్క ఇనుప రజను కవాటం గోళీ కింద చిక్కినా బరువు నిలవదు. సిలిండరుకు వెల్డింగు అసలే వద్దు.

కోసుగా ఉన్న మరకు టెఫ్లాన్ టేపు చుట్టేటప్పుడు మొదటి మరను వదిలేయండి. లేకపోతే ముక్క తెగి లోపలికి పోతుంది. గేజిని డబ్బా పట్టుకుని తిప్పకండి, కింద చదరంగా ఉన్నచోట స్పానరు వేయండి. గ్లిజరిన్ నింపిన గేజి తీసుకుని, దాని ముందు సూదిబెజ్జం ఉన్న చిన్న స్నబ్బరు పెట్టండి. బేరింగు ఠప్పుమని వదిలినప్పుడు ఒత్తిడి ఒక్కసారిగా పడిపోతుంది. ఆ దెబ్బకు స్నబ్బరు లేని గేజి ముల్లు కొన్నాళ్ళకే వంగిపోతుంది. వెనక పేలుడు మూత ఉన్న రకం అయితే మరీ మంచిది. గొట్టం పగిలినా నూనె మొహం మీదికి రాదు. నూనె పోశాక గాలి తీసి, మొదటిసారి నెమ్మదిగా, పక్కకు నిలబడి, మెట్లుమెట్లుగా ఎక్కించి కీళ్ళ దగ్గర తడి చూడండి. కారుతుందేమోనని ఒత్తిడిలో ఉన్న కీలు మీద వేలు పెట్టకండి. సన్నగా చిమ్మే నూనె చర్మంలోకి దూరుతుంది. ఒత్తిడి పూర్తిగా వదిలాక ముల్లు సున్నాకు తిరిగి రావాలి. రాకపోతే ఆ గేజి మార్చాలి.

ముల్లు పది టన్నులు దాటినా చిన్న బేరింగు కదలలేదంటే హ్యాండిలు ఆపి, కాస్త వేడి చేయడమో, ఎక్కడ పట్టిందో చూడటమో చేయాలి. ఆ ముందు దిమ్మెలు, కళ్ళద్దాలు, పనికి అడ్డంగా ఒక రేకు తెర. ఇవన్నీ కలిపినా రెండు బేరింగుల ఖర్చు కాదు.